ఎక్టన్ సమాధిరాళ్ళు: ఫ్రాంక్లిన్ వంశకథ

1758 వ సంవత్సరము వేసవికాలమున ఇంగ్లండులోని నార్తాంప్టన్‌షైరు మండలమునందలి ఎక్టన్ అను చిన్న పల్లెకు అమెరికానుండి వచ్చిన ముగ్గురు మనుష్యులు చేరిరి. వారిలో పెద్దవాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్. అప్పటికి ఆయన వయస్సు 52 ఏండ్లు. ఆకాశమునందలి మెరుపునకును, ప్రయోగశాలలోని విద్యుత్తునకును భేదము లేదని నిరూపించినవాడుగా ఆయన పేరు ఐరోపాఖండమంతటను మారుమ్రోగుచుండెను. రెండవవాడు ఆయన కుమారుడు విలియం. లండను నగరమున న్యాయశాస్త్రము చదువుచుండిన యువకుడు. మూడవవాడు పీటర్ అను నల్లజాతి బానిస.

ఆ ఊరి మతాచార్యుని భార్య వారిని క్రైస్తవ దేవాలయము ప్రక్కనున్న సమాధుల తోటలోనికి తీసికొనిపోయి ఫ్రాంక్లిన్ కుటుంబమువారి సమాధిరాళ్ళను చూపెను. రాళ్ళపై నాచు దట్టముగా పేరుకొనియుండుటచే అక్షరములు కానరాలేదు. ఆమె ఒక గట్టి కుంచెను, పళ్ళెముతో నీటిని తెప్పించెను. పీటర్ రాళ్ళను తోమెను. నాచు క్రిందినుండి వెలువడిన అక్షరములను విలియం కాగితముపైకి ఎక్కించెను. తండ్రికి కావలసినది ఆ కాగితమే.

ఫ్రాంక్లిన్ చరిత్ర వ్రాసినవారు పలువురు ఈ ఘట్టమును రెండు వాక్యములలో దాటిపోవుదురు. గాలిపటము, పిడుగు, స్వాతంత్ర్య ప్రకటన, ఫ్రాన్సు రాజసభ మొదలగు గొప్ప విషయములు ముందుండగా పల్లెటూరి సమాధిరాళ్ళ ప్రసంగమెందుకని వారి తలంపు కాబోలు. కాని ఆయన జీవితమున మిక్కిలి బాధాకరమైన భాగమును గ్రహింపవలెనన్నచో ఆ సమాధుల తోటనుండియే బయలుదేరవలెను.

ఫ్రాంక్లిన్ అనునది ప్రాచీనకాలమున ఇంగ్లండులో ఒక తరగతి ప్రజలకు పేరు. తన భూమిపై తనకు సంపూర్ణమైన హక్కు గల రైతును అట్లు పిలిచెడివారు. జనులు ఇంటిపేర్లు పెట్టుకొనుట ఆరంభించిన కాలమున తన పూర్వులు ఆ తరగతి పేరునే తమ ఇంటిపేరుగా గ్రహించియుందురని బెంజమిన్ ఊహించెను. ఎక్టన్‌లో వారికి సుమారు 30 ఎకరముల భూమి యుండెను. దానితో కుటుంబము గడవదు గనుక కమ్మరి కొలిమి నడిపెడివారు. జ్యేష్ఠపుత్రుడు కొలిమిపని నేర్వవలెననుట ఆ యింటి ఆచారము. ఈ విధముగా సుమారు 300 సంవత్సరములు వారు ఆ గ్రామముననే జీవించిరి.

ఆ దేవాలయమునందలి జనన, వివాహ, మరణ పట్టికలు 1555 వ సంవత్సరమునుండి మాత్రమే ఉండెను. వానిని పరిశీలించినపుడు ఫ్రాంక్లిన్‌నకు ఒక విచిత్రమైన సంగతి తెలిసెను. ఆయన తన తండ్రికి కడపటి కొడుకు. ఆ తండ్రి ఆయన తండ్రికి కడపటివాడు. ఈ రీతిగా ఐదు తరములవరకు ఆయన వంశము కనిష్ఠపుత్రుల పరంపరగా వచ్చినది.

మన పాఠకులకు ఇందలి స్వారస్యము వెంటనే తోపకపోవచ్చును. మన దేశమున మితాక్షర ననుసరించి కొడుకులందరును తండ్రి ఆస్తికి సమభాగస్వాములు. నాటి ఇంగ్లండులో అట్లు కాదు. భూమి సామాన్యముగా పెద్దకొడుకునకు పోయెడిది. చిన్నవాడు ఏదో వృత్తి నేర్చి ఊరు విడిచి బ్రతుకవలసివచ్చెడిది. రాజవంశములవారు తమ వంశవృక్షములను జ్యేష్ఠులవెంట లెక్కించుకొందురు. ఫ్రాంక్లిన్‌నకు లభించినది దానికి తలక్రిందైన వృక్షము. దానిని చూచి ఆయన సిగ్గుపడలేదు. పైగా ఒక విధమైన గర్వముతోనే అందరికిని చెప్పుకొనెను.

పూర్వులలో ఆయన మనస్సును మిక్కిలి ఆకర్షించినవాడు పెదతండ్రి థామస్. ఇతడు కొలిమివద్ద పెరిగినవాడే యైనను, గ్రామములోని ఒక పెద్దమనిషి ప్రోత్సాహమున చదువు నేర్చి, దస్తావేజులు వ్రాయు వృత్తిలో ప్రవేశించి, ఆ మండలమున పలుకుబడి గలవాడయ్యెను. నది పొంగినపుడు గ్రామపు పచ్చికబయళ్ళు మునిగిపోకుండ ఒక సులభమైన ఉపాయమును కనిపెట్టెను. చందాలు పోగుచేసి దేవాలయ శిఖరమున గంటలు పెట్టించెను. 1758 లో తమ్మునికొడుకు ఆ గంటల మ్రోతను స్వయముగా వినెను. ఆ థామస్ మంత్రగాడేమో యని కొందరు గ్రామస్థులు అనుకొనెడివారట! ఫిలడెల్ఫియాలో చందాలతో గ్రంథాలయమును, ఆసుపత్రిని స్థాపించి, పిడుగును లొంగదీసిన బెంజమిన్‌నకును, ఈ పెదతండ్రికిని గల పోలికను చూచి విలియం ఆశ్చర్యపడెను. అంతకన్న వింతయేమనగా, థామస్ 1702 లో జనవరి 6 వ తేదీన మరణించెను. నాటి పాత పంచాంగము ప్రకారము సరిగా నాలుగేండ్లకు అదే తేదీన బెంజమిన్ జన్మించెను. ఆ నాలుగేండ్ల ఎడము లేకున్నచో ఒకరి ఆత్మ మరియొకరిలో ప్రవేశించినదని జనులు తలంచియుందురని కొడుకు తండ్రితో హాస్యమాడెను. పునర్జన్మము మనకు నమ్మకము, వారికి పరిహాసము. అయినను ఆ పరిహాసమును ఫ్రాంక్లిన్ జీవితాంతము మరువక తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను.

ఆ థామస్‌నకు ఒక్కతే కుమార్తె. ఆమె మేరీ ఫిషర్ అను పేరున సమీపమునందలి వెల్లింగ్‌బరో పట్టణములో భర్తతోకూడ ఇంకను జీవించియుండెను. భార్యాభర్తలిద్దరును మిక్కిలి వృద్ధులు. వారు పూర్వమే ఎక్టన్ ఇంటిని, భూమిని అమ్మివేసిరి. భూమి మరియొకరి క్షేత్రములో కలిసిపోయెను. శిథిలమైన ఆ రాతియింటిలో ఒక బడి నడచుచుండెను. కాని ఊరివారు దానిని ఇంకను ఫ్రాంక్లిన్‌వారి ఇల్లు అనియే పిలుచుచుండిరి. తాను చిన్నపిల్లగా నున్నపుడు పినతండ్రి జోసయ్య భార్యను, పిల్లలను వెంటబెట్టుకొని సముద్రము దాటిపోయిన సంగతి ఆ ముదుసలికి జ్ఞాపకమున్నది. ఆ జోసయ్యయే బెంజమిన్ తండ్రి. సుమారు 75 సంవత్సరముల తరువాత ఆ వెళ్ళినవాని కొడుకు వచ్చి ఆమె గుమ్మమున నిలిచెను.

జోసయ్య ఫ్రాంక్లిన్ 1683 లో ఇంగ్లండు విడిచెను. ప్రభుత్వ మతముతో ఏకీభవింపనివారికి నాడు స్వేచ్ఛగా ప్రార్థన చేసికొనుటకు వీలులేకుండెను. ఆ వంశమునకు ఈ బాధ క్రొత్త కాదు. మేరీ రాణి కాలమున ఇంగ్లీషు బైబిలును ఇంటిలో ఉంచుకొనుటయే ప్రమాదమై యుండగా, వారి పూర్వుడొకడు ఆ గ్రంథమును ఒక ముక్కాలిపీట అడుగున నాడాలతో కట్టి దాచెను. చదువునపుడు పీటను మోకాళ్ళపై బోర్లించుకొని నాడాల క్రిందుగా పుటలు త్రిప్పెడివాడు. పిల్లలలో ఒకడు వాకిట కాపలా యుండి మతాధికారి భటుడు వచ్చుచున్నాడని హెచ్చరింపగానే పీట మరల నేలపై నిలిచెడిది, గ్రంథము మాయమయ్యెడిది. ఈ కథను బెంజమిన్‌నకు చెప్పినవాడు ఆయన పెదతండ్రి. అతని పేరును బెంజమినే. పద్యములు వ్రాయు అలవాటు గల ఈ పెదతండ్రి ముసలితనమున అమెరికా చేరి, తమ్ముని ఇంట కొంతకాలము నివసించెను. పుస్తకములలోని వంశవృక్షము కొమ్మలను మాత్రమే చూపును. ప్రాణము పోయునవి ఇట్టి ముసలివారి మాటలే.

బోస్టన్ నగరమున జోసయ్య నేర్చిన అద్దకపు పనికి గిరాకి లేకపోయెను. కొవ్వు కరగించి వత్తులు, సబ్బు తయారుచేయు వృత్తిని అతడు అవలంబించెను. మొదటి భార్యవలన ఏడుగురు, ఆమె గతించిన పిదప పెండ్లాడిన అబయ్యవలన పదుగురు, మొత్తము 17 మంది సంతానము. బెంజమిన్ పదునైదవవాడు. 1706 లో జన్మించెను. క్రొత్త పంచాంగము ప్రకారము అది జనవరి 17 వ తేదీ. ఒకే పంక్తిలో 13 మంది సోదరీసోదరులు భోజనమునకు కూర్చుండుట ఆయనకు జ్ఞాపకము. తల్లి అబయ్య, నాంటకెట్ ద్వీపమున స్థిరపడిన పీటర్ ఫోల్గర్ కుమార్తె. ఆ మాతామహుడు 1675 లో మతస్వాతంత్ర్యమును సమర్థించుచు నిర్భయముగా పద్యములు వ్రాసినవాడు. తండ్రివైపు పీట క్రింద దాచిన గ్రంథము, తల్లివైపు దాపరికము లేని పద్యము. ఈ రెండు గుణములును, అనగా అవసరమైనపుడు దాచుట, అవసరమైనపుడు చాటుట, దౌహిత్రునిలో చేరినవని చెప్పవచ్చును.

ఫ్రాంక్లిన్ బాల్యము మన విద్యార్థులెరిగినదే. 12 వ యేట అన్న జేమ్స్ ముద్రణాలయములో పని నేర్చుటకు ఒప్పందముపై చేరెను. అన్న కొట్టెడివాడు. తమ్ముడు ఒప్పందమును త్రెంచుకొని 1723 లో, 17 వ యేట, ఫిలడెల్ఫియాకు పారిపోయెను. అచ్చువృత్తిలో పైకివచ్చెను. 1748 నాటికి వ్యాపారమునుండి విరమింపగల ధనము సంపాదించెను. ముద్రాపకుడగుటచే తన జీవితమునందలి దోషములను ఆయన అచ్చుతప్పులని వ్యవహరించెడివాడు. అన్నను విడిచిపోవుట మొదటి అచ్చుతప్పుగా లెక్కపెట్టుకొని, పది సంవత్సరముల తరువాత న్యూపోర్టు పట్టణమునకు పోయి అన్నను కలిసికొనెను. జేమ్స్ అప్పటికే రోగపీడితుడు. పాత కలహమును ఇరువురును మరచిరి. తన అనంతరము కొడుకును చేరదీసి పని నేర్పవలసినదని జేమ్స్ కోరగా బెంజమిన్ అట్లే చేసెను. అన్నను క్షమించి, అన్నచే క్షమింపబడిన ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను.

ఎక్టన్‌లో రాళ్ళపై అక్షరములను ఎత్తివ్రాసిన విలియం జననము 1730 ప్రాంతమున జరిగెను. అతడు వివాహ సంబంధమున పుట్టినవాడు కాడు. తల్లి యెవరో ఫ్రాంక్లిన్ ఎన్నడును వెల్లడింపలేదు. ఒకరి తరువాత ఒకరుగా ఐదు తరముల తండ్రులను వెదకి పట్టుకొన్నవాడు తన కుమారుని తల్లి పేరును మాత్రము తనతోనే తీసికొనిపోయెను! 1730 లో దెబోరాను భార్యగా స్వీకరించిన పిమ్మట శిశువును ఇంటికి తెచ్చి పెంచెను. దెబోరాకు జన్మించిన ఫ్రాన్సిస్ అను బాలుడు 1736 లో, నాలుగేండ్ల ప్రాయమున, మశూచికముచే మరణించెను. టీకా వేయింపనైతినే యన్న చింత తండ్రిని తుదివరకు విడువలేదు. 1743 లో సారా అను కుమార్తె కలిగెను. కనుక మిగిలిన కొడుకు విలియం ఒక్కడే. 1752 లో గాలిపటము ఎగురవేసిన నాడు తండ్రి ప్రక్కనున్నవాడు అతడే. ఆ తండ్రీకొడుకులు మిత్రులవలె మెలగెడివారు.

తల్లిదండ్రులయెడ ఫ్రాంక్లిన్‌నకు గల భక్తికి బోస్టన్ నగరము సాక్ష్యము. జోసయ్య 1745 లోను, అబయ్య 1752 లోను గతించిరి. వారి సమాధిపై ఆయన చలువరాతి ఫలకమును నిలిపెను. దానిపై వ్రాయించిన విషయమేమి? ఉన్నత వంశము కాదు, అధికారము కాదు. ఆస్తి లేక, లాభసాటియైన ఉద్యోగము లేక, నిత్యపరిశ్రమచే పెద్ద కుటుంబమును గౌరవముగా పోషించిరనియు, 55 సంవత్సరములు అన్యోన్యముగా కాపురము చేసిరనియు మాత్రమే. ఆ ఫలకము కాలక్రమమున శిథిలము కాగా 1827 లో బోస్టన్ పౌరులు దాని స్థానమున ఎత్తయిన రాతి స్తంభమును నిలిపి పూర్వపు వ్రాతనే దానిపై చెక్కించిరి.

1757 లో పెన్సిల్వేనియా శాసనసభకు ప్రతినిధిగా ఫ్రాంక్లిన్ లండను చేరినపుడు విలియం కూడ వెంటవచ్చెను. ఎక్టన్ యాత్ర ఆ సమయముననే జరిగినది. అక్కడనుండి బాన్‌బరీ పట్టణమునకు పోయి, ముదిమిలో అక్కడ కొడుకు ఇంట నివసించి మరణించిన తాత థామస్ సమాధినికూడ చూచిరి. ఫ్రాంక్లిన్ వంశపట్టికను సిద్ధముచేసికొనెను. తాను చూచినవన్నియు భార్యకును, చెల్లెలు జేన్‌నకును లేఖలలో వివరముగా వ్రాసెను. 1762 లో విలియం న్యూజెర్సీ వలసరాజ్యమునకు ఇంగ్లండు రాజుచే గవర్నరుగా నియమింపబడెను. కమ్మరుల వంశమున జన్మించి, వత్తులు చేయువాని మనుమడై, రాజప్రతినిధిగా పీఠమెక్కిన కొడుకును చూచి తండ్రి ఎంత సంతోషించెనో ఊహింపవచ్చును. అంతకు రెండేండ్లకు ముందు, 1760 లో, విలియంనకును లండనులో వివాహము కాకుండగనే ఒక కుమారుడు కలిగెను. ఆ శిశువునకు విలియం టెంపుల్ అని పేరు పెట్టిరి. తాతయే అతనిని లండనులో చదివించెను. కాని ఫ్రాంక్లిన్ అను ఇంటిపేరు ఆ బాలునకు 1775 లో అమెరికా చేరువరకు దక్కలేదు.

1771 వేసవిలో ట్వైఫర్డ్ గ్రామమున తన మిత్రుడు బిషప్ షిప్లీ ఇంటిలో అతిథిగా ఉన్నపుడు ఫ్రాంక్లిన్ తన స్వీయచరిత్రమును ఆరంభించెను. అది లోకమునకు వ్రాసిన గ్రంథము కాదు. కొడుకునకు వ్రాసిన జాబు. పూర్వుల వృత్తాంతములను సేకరించుటకై మనమిద్దరము చేసిన ప్రయాణము నీకు జ్ఞాపకమున్నది గదా యను భావముతోనే అది మొదలగును. మనలో పెండ్లిపీటలమీద ప్రవర చెప్పి మూడు తరముల పేర్లు వినిపించినట్లు, ఆయన మొదట ఎక్టన్‌ను, కొలిమిని, పెదతండ్రిని, ముక్కాలిపీటను వర్ణించి ఆ పిమ్మటనే తన కథను ఎత్తుకొనెను. ప్రపంచ సాహిత్యమున ప్రసిద్ధి కెక్కిన ఆత్మకథలలో ఒకటి ఇట్లు తండ్రికొడుకుల నడుమ ఉత్తరముగా పుట్టినది.

తరువాత కాలము మారిపోయెను. 1774 జనవరిలో లండనునందలి రాజమంత్రుల సభలో ఫ్రాంక్లిన్‌ను నిలువబెట్టి ఒక ప్రభుత్వ న్యాయవాది ఘోరముగా అవమానించెను. తపాలాశాఖాధిపత్యమునుండి ఆయనను తొలగించిరి. అంతవరకు సామ్రాజ్యము చీలకుండ కాపాడవలెనని ప్రయత్నించిన ఆయన మనస్సు ఆ దెబ్బతో విరిగెను. కొడుకు గవర్నరు పదవిని త్యజించునని ఆశించెను. విలియం త్యజింపలేదు. 1775 లో తండ్రి అమెరికాకు తిరిగివచ్చినపుడు ఇరువురును కలిసికొని వాదించుకొనిరి. వాదము వృథా యయ్యెను.

ఇక్కడ న్యాయము ఎవరిపక్షమున నున్నదో నిర్ణయించుట సులభము కాదు. అమెరికా స్వాతంత్ర్యమే ధర్మమని చరిత్ర తీర్పు చెప్పినది. కాని విలియం రాజునకు ప్రమాణము చేసిన ఉద్యోగి. ఆ ప్రమాణము చేయుట తండ్రి కండ్లయెదుట, తండ్రి ప్రతిష్ఠవలననే జరిగినది. తండ్రి ఒక్క దశాబ్దములో అభిప్రాయము మార్చుకొనెను, కొడుకు మార్చుకొనలేదు. ఇరువదేండ్లు నిండకుండగనే అన్నను, తండ్రి గృహమును విడిచిపోయిన సాహసికునకు, తన కొడుకు తన మాట దాటునన్న ఊహయే పుట్టకపోవుట వింతయే.

1776 లో విలియంను బంధించి కనెక్టికట్ రాష్ట్రమునకు పంపిరి. 1777 లో లిచ్‌ఫీల్డు చెరసాలలో సుమారు 8 నెలలు ఏకాంతముగా నిర్బంధించిరి. భార్య ఎలిజబెత్ న్యూయార్కులో మరణశయ్యపై నుండగా ఆమెను చూచుటకు అనుమతి కోరెను. వాషింగ్టన్ ఆ విన్నపమును కాంగ్రెసుకు పంపెను, కాంగ్రెసు నిరాకరించెను. ఆమె భర్తను చూడకయే మరణించెను. అంతకుపూర్వము ఆమె మామగారికి సహాయమర్థించుచు లేఖ వ్రాసియుండెను. ఫ్రాంక్లిన్ కొడుకు విడుదలకై ప్రయత్నింపలేదు. 1776 అక్టోబరులో ఆయన టెంపుల్‌ను, సారా కుమారుడైన ఏడేండ్ల బాలుని వెంటబెట్టుకొని ఫ్రాన్సునకు ఓడ ఎక్కెను. చెరలోనున్న తండ్రికి కొడుకు దూరమయ్యెను. తాతకు మనుమడు కార్యదర్శి యయ్యెను. 1778 లో విలియం బందీల మార్పిడిలో విడుదలయై, న్యూయార్కునందు రాజపక్షపాతుల సంఘమునకు నాయకత్వము వహించి, 1782 లో ఇంగ్లండు చేరెను.

ఫ్రాన్సులో ఫ్రాంక్లిన్ సాధించిన ఘనకార్యములు ప్రసిద్ధములు. 1778 లో ఫ్రాన్సుతో మైత్రి, 1783 లో ఇంగ్లండుతో సంధి. వానిని విడిచి, 1784 జనవరిలో ఆయన కుమార్తె సారాకు వ్రాసిన ఒక లేఖను చూడవలెను. యుద్ధములో పనిచేసిన అమెరికను సేనాధిపతులు ఒక సంఘమును స్థాపించి, దాని సభ్యత్వము తమ జ్యేష్ఠపుత్రులకు వంశపారంపర్యముగా సంక్రమించునట్లు నియమించిరి. ఐదు తరముల కనిష్ఠపుత్రుల వారసునకు ఇది నచ్చునా? ఆయన లెక్క కట్టెను. కొడుకులో తండ్రి భాగము సగము. మనుమనిలో నాలుగవ వంతు. ఈ విధముగా తొమ్మిది తరములు గడచునప్పటికి మూలపురుషుని అంశము 512 వ వంతు మాత్రమే. సుమారు 300 సంవత్సరములలో ఒక్క మనుష్యుని రూపొందించుటకు 1022 మంది స్త్రీపురుషులు తోడ్పడవలెను. వారిలో ఒకని బిరుదు మిగిలిన 1021 మంది నడుమ ఏపాటిది? గౌరవము క్రిందికి ప్రవహించుట అర్థరహితమనియు, చీనాదేశమున వలె పైకి, అనగా బిడ్డ గొప్పవాడైనచో పెంచిన తల్లిదండ్రులకు చెందుట న్యాయమనియు ఆయన సిద్ధాంతము. తమ తరగతిలోని విద్యార్థులచేత ఈ గణితమును చేయించిన ఉపాధ్యాయులకు శ్రేఢి గణితముతోపాటు చరిత్రపాఠముకూడ జరిగిపోవును.

ఎక్టన్ యాత్రయొక్క ఆంతర్యము ఈ లేఖ చదివినపుడు స్పష్టమగును. తన గొప్పతనమునకు ఆధారము వెదకుటకై ఆయన పూర్వులను చేరలేదు. తనకు వచ్చిన గౌరవమును వారికి అప్పగించుటకే పోయెను.

ఆ యేడే వేసవిలో విలియం లండనునుండి తండ్రికి సమాధానము కోరుచు లేఖ వ్రాసెను. తాను కర్తవ్యమని నమ్మినదే చేసితినని, తిరిగి ప్రేమసంబంధము ఏర్పడవలెనని వేడుకొనెను. తండ్రి ప్రత్యుత్తరము మృదువుగా ఆరంభమై కఠినముగా ముగిసెను. ముసలితనమున ఏకైకపుత్రుడు తన్ను విడుచుటయేకాక, తన ప్రాణమును, కీర్తిని అపాయమున పెట్టిన పోరాటములో ఎదుటిపక్షమున ఆయుధము పట్టుటకన్న తన్ను నొప్పించినది మరియొకటి లేదని వ్రాసెను. రాజకీయ ధర్మములకన్న ముందుగా సహజధర్మములు కలవని జ్ఞాపకము చేసెను. ఆ సహజధర్మము తండ్రికికూడ వర్తించునను సంగతి ఆయనకు స్ఫురించినట్లు తోపదు.

1785 జూలైలో ఫ్రాంక్లిన్ స్వదేశమునకు మరలిపోవుచు ఇంగ్లండు రేవుపట్టణమైన సౌతాంప్టన్‌లో నాలుగు దినములు ఆగెను. విలియం అక్కడికి వచ్చెను. అది తండ్రీకొడుకుల కడపటి సమావేశము. అందు జరిగినది ఆలింగనము కాదు, లెక్కల పరిష్కారము. విలియంనకు న్యూజెర్సీలోనున్న భూమిని, అతడు కొన్న ధరకన్న తక్కువకు, టెంపుల్ పేర వ్రాయించిరి. అప్పుల క్రింద న్యూయార్కు భూముల హక్కునుకూడ అతడు వదలుకొనెను. బిషప్ షిప్లీ కుటుంబమును వీడుకోలు పలుకుటకు వచ్చియుండెను. కొడుకునకు జాబుగా స్వీయచరిత్రము మొదలైనది ఆయన ఇంటిలోనే కదా! చివరి రాత్రి అందరును ఓడపై భోజనము చేసిరి. తెల్లవారి ఫ్రాంక్లిన్ మేల్కొనునప్పటికి వీడ్కొల్ప వచ్చినవారు దిగిపోయిరి. ఓడ తెరచాపలెత్తి సాగిపోవుచుండెను.

స్వీయచరిత్ర తరువాతి భాగములను ఆయన ఫ్రాన్సులోను, ఫిలడెల్ఫియాలోను వ్రాసెను. అవి కొడుకు నుద్దేశించినవి కావు. అచ్చుతప్పుల పట్టికలో విలియం సంగతి ఎన్నడును చేరలేదు. 1788 లో వ్రాసిన మరణశాసనములో అతనికి నోవాస్కోషియాలోని కొంత భూమిపై హక్కును, అప్పటికే అతనివద్దనున్న పుస్తకములను మాత్రము వ్రాసి, యుద్ధకాలమున అతడు నడచుకొన్న తీరే ఇందుకు కారణమని పేర్కొనెను. ఆస్తిలో అధికభాగము సారా దంపతులకు పోయెను.

పీటర్ విషయముకూడ ఇక్కడ చెప్పవలసియున్నది. ఎక్టన్‌లో పరుల పూర్వుల పేర్లపైని నాచును తోమిన ఆ మనుష్యునకు ఫ్రాంక్లిన్ లేఖలలో ఇంటిపేరు లేదు, ఊరు లేదు. 1757 లో వ్రాసిన ఒక మరణశాసనమున, తన అనంతరము పీటర్‌ను, అతని భార్య జెమీమాను స్వతంత్రులను చేయవలెనని ఫ్రాంక్లిన్ కోరియుండెను. అతనినిగూర్చి మనకు దొరకు వంశవృక్షము ఆ రెండు పేర్లే. బానిసత్వము పాపమని ఫ్రాంక్లిన్ నిస్సంకోచముగా ఒప్పుకొనుటకు మరి మూడు దశాబ్దములు పట్టెను. 1787 లో బానిసత్వ నిర్మూలన సంఘమునకు అధ్యక్షుడయ్యెను. 1790 ఫిబ్రవరిలో, మరణమునకు రెండు నెలల ముందు, బానిసత్వమును తొలగింపుడని కాంగ్రెసునకు ఆయన సంతకముతో విన్నపము చేరెను.

బోస్టన్‌లో ఆయన ముద్దులచెల్లెలు జేన్ మీకమ్ మరియొక వంశచరిత్ర వ్రాసికొనుచుండెను. ఆమెకు బడిచదువు లేదు; 15 వ యేట పెండ్లియైనది. కొన్ని కాగితములను తానే కుట్టి చిన్న పుస్తకముగా చేసికొని, అందు తన 12 మంది బిడ్డల జననములను, ఒకరి తరువాత ఒకరుగా వారి మరణములను గుర్తించుకొనెను. పన్నెండుగురిలో పదునొకండుగురు ఆమెకు ముందే పోయిరి. అన్న వ్రాసిన ఆత్మకథలో ఆమె ప్రసక్తి లేదు. కాని జీవితమంతయు ఆయన అందరికన్న ఎక్కువ లేఖలు వ్రాసినది ఆమెకే.

1790 ఏప్రిల్ 17 వ తేదీన ఫ్రాంక్లిన్ 84 వ యేట మరణించెను. విలియం 1813 లో లండనులో గతించెను. టెంపుల్ తాత కాగితములను ఏండ్లతరబడి దగ్గరనుంచుకొని 1818 లో లండనున స్వీయచరిత్రమును ప్రకటించెను. కొడుకా యను సంబోధముతోనే ఆ గ్రంథము వెలువడెను. ఆ కొడుకు చనిపోయి అప్పటికి ఐదేండ్లు. 1823 లో టెంపుల్ పారిస్‌లో మరణించుటతో బెంజమిన్ పురుషసంతతిలో ఆ ఇంటిపేరు నిలిచిపోయెను. సారా సంతతి నేటికిని వర్ధిల్లుచున్నది. వారిది బేష్ వంశము.

ఫిలడెల్ఫియాలో ఫ్రాంక్లిన్ దంపతుల సమాధిపైని రాతిమీద వారిద్దరి పేర్లును, 1790 అను సంవత్సరమును తప్ప మరేమియు లేదు. ప్రక్కనే నాలుగేండ్ల ఫ్రాన్సిస్ సమాధి. పొదుపు నేర్పినవాడని చూడవచ్చినవారు ఆ రాతిపై నాణెములు విసరుట ఆచారముగా మారినది. ఆ దెబ్బలకు రాయి గుంటలు పడి, బీటవారగా 2017 లో దానిని బాగుచేయించిరి. నాణెములు నేటికిని పడుచునే యున్నవి.